నీళ్ల ఆఫీసు లాప్‌టాప్‌కి జ్వరం

ఎర్ర గ్రహం మీద మేముండే పదకొండో గుమ్మటం మరమ్మతు పుస్తకం ఇది. రాసేది నేను, మంగతాయారు. చదివేది ఎవరూ లేరు కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

రోజు 141, ఉదయం

నీళ్ల ఆఫీసు లాప్‌టాప్ నిన్న మధ్యాహ్నం మళ్లీ ఆగిపోయింది. ఈ నెలలో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒకటే కారణం చూపించింది: వేడి వంద డిగ్రీలు దాటింది, ప్రాణం కాపాడుకోవడానికి పడుకుంటున్నాను అని. అది పడుకుంటే ఎనభై మూడు ఇళ్లలో కుళాయిలు కూడా పడుకుంటాయి. ఏ ఇంటికి ఎప్పుడు నీళ్లు, ఎన్ని చెంబులు అని లెక్క కట్టి కుళాయి తిప్పేది ఆ పెట్టే మరి. నిన్న అది ఆగిన సమయానికి నేను తలంటు మధ్యలో ఉన్నాను. కళ్లలో కుంకుడు నురగ, చేతిలో ఖాళీ చెంబు. గోడలు తడుముకుంటూ వెళ్లి పక్కింటి వాళ్ల మంచినీళ్లతో మొహం కడుక్కున్నాను.

ఉదయమే పెద్ద గుమ్మటం నుంచి తనిఖీ అధికారి పరాంకుశం సందేశం పంపాడు. నెలలో ఏడుసార్లు ఆగిన యంత్రాన్ని చచ్చినట్టు లెక్క వేసి పట్టుకుపోతారట. భూమి నుంచి కొత్తది రావడానికి తొమ్మిది నెలలు. అప్పటిదాకా మన కుళాయిలు పెద్ద గుమ్మటం వాళ్లే అక్కడినుంచి తిప్పుతారు. కిందటేడు రెండు రోజులు తిప్పారుగా, చూశాం. మూడో వరసలో ఇళ్లున్నాయన్న సంగతే వాళ్లకి గుర్తులేదు. పిల్లలకి పళ్లరసంతో మొహాలు కడిగారు ఆ వరస వాళ్లు. ఈ పరాంకుశాన్ని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఉత్తరాలు చూస్తే జిడ్డుమొహం అని తెలిసిపోతుంది.

అంటే ఇంకా మూడుసార్లు. ఈలోపు ఆ జ్వరం తగ్గించాలి. ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఏ యంత్రమూ చావలేదు, ఇదీ చావదు.

పైగా ఇరవై రోజులుగా నా బుర్ర నా మాట వినడం లేదు. కరెంటు పొదుపని గుమ్మటం వేడి పదహారు డిగ్రీలకి దించారు. అప్పట్నుంచి ఏ ఇంట్లోనూ పాలు తోడుకోవడం లేదు. చారన్నంతో భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాను. ఆఖర్న పెరుగన్నం పడకపోతే అసలు భోజనం చేసినట్టే ఉండదు నాకు. ఎవరు పలకరించినా కరవాలనిపిస్తోంది.

అదే రోజు, పదకొండు గంటలు

విప్పాను. ఫ్యాను రెక్కల మధ్య ఎర్ర దుమ్ము చిలకరించిన కారంలా ఉంది. అది మామూలే, ఇక్కడ గుమ్మం తీస్తే వచ్చేది అదే. కానీ దుమ్ముతో పాటు నీలం రంగు ఉన్ని పోగులు కూడా ఉన్నాయి. జుత్తు చుట్టుకున్నట్టు ఫ్యాను ఇరుసుకి చుట్టుకున్నాయి.

నీళ్ల ఆఫీసర్ పల్లాలరావు చలికి మెడచుట్టూ ఎప్పుడూ మఫ్లరు వేసుకునే ఉంటాడు. "ఏవండీ, మీ మఫ్లరు పెట్టి దీన్ని తుడుస్తున్నారా?" అన్నాను.

"అబ్బెబ్బే, లేదండి! నా మఫ్లరు ఆకుపచ్చండి," అన్నాడు. ఆ చెప్పడంలో ఏదో కంగారు. ఆయన మా ఊరి మనిషే, మా తాతల కాలంలో గోదావరి లంకల్లో పక్కపక్క ఇళ్లట. 'అండి' లేకుండా ఆవలించను కూడా ఆవలించడు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం రెండు అండీలు ఎక్కువ పడతాయి.

దుమ్ము ఊది, పోగులు పట్టకారుతో లాగేసి, మళ్లీ బిగించాను. వేడి యాభై ఒకటి. గంట కూర్చుని చూశాను, యాభై రెండు దాటలేదు. నా భుజం నేనే తట్టుకుని వచ్చేశాను.

రోజు 142

మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకి ఆగింది. ఐదోసారి.

నేను గాలి గదిలో జల్లెడలు మారుస్తున్నాను. అక్కడినుంచి నీళ్ల ఆఫీసుకి ఇరవై నిమిషాల నడక. వెళ్లేసరికి ఎవరూ లేరు, నా దగ్గరున్న మరమ్మతు తాళంచెవితో తలుపు తీశాను. పల్లాలరావు ఒంటిగంటకే లాప్‌టాప్ మూత వేసి, తలుపు తాళం పెట్టి భోజనానికి వెళ్తాడు. మూత వేసినా లోపల అది పనిచేస్తూనే ఉంటుంది. రేపటి నీళ్ల వంతులు లెక్క కట్టేది ఆ పూటే.

మూత మీద చెయ్యి వేస్తే పెనం. ఇంకో సంగతి: పుల్లటి వాసన. వాసన వచ్చిందంటే బ్యాటరీ కారుతున్నట్టే. వెంటనే తీసి చూశాను. పూరీలా పొంగి ఉంటుందనుకుంటే అప్పడంలా చదునుగా పడుంది. వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా కారిన మరక లేదు.

మూత మీద మాత్రం తెల్లటి వలయం కనిపించింది, జానెడు వెడల్పు, ఎండిపోయి ఉంది. గోకి చూశాను. నీటి ఉప్పు అయ్యుంటుందని రాసుకున్నాను. పైన పైపు ఏదో కారుతోంది కాబోలు. పైకెక్కి చూస్తే ఒక్క పైపూ కారడం లేదు. దిగేటప్పుడు మోకాలు కొట్టుకుంది. వేడి, వాసన, వలయం, మోకాలు, ఈ నాలుగింటికీ ఒక్క కారణం ఉండి తీరుతుంది, దాన్ని పట్టుకుని తంతాను.

రోజు 143

ఇక మిగిలింది పేస్టు. లోపల చిప్పుకీ, దాని వేడిని లాగే రాగి పలకకీ మధ్య బూడిద రంగు పేస్టు ఒకటి రాస్తారు. అది ఎండిపోతే వేడి బయటికి రాదు. విప్పి చూస్తే నిజంగానే ఎండి పెచ్చులు కట్టింది. పేస్టు పంపమని పెద్ద గుమ్మటానికి రాశాను. పరాంకుశం జవాబు పావుగంటలో వచ్చింది: 'నిల్వ లేదు. తొమ్మిది నెలలు.' ఈ మనిషికి తొమ్మిది తప్ప వేరే అంకె రాదా?

పల్లాలరావు పక్కన నిలబడి అంతా చూస్తున్నాడు. "పోనీ గంధం రాస్తే ఎలాగుంటదండి? ఒంటికి రాస్తే ఎంత చల్లగా ఉంటదో కదండి."

"ఇది మీ బావమరిది కాదండీ, ఎండన పడి వస్తే గంధం రాసి విసరడానికి."

"అయితే సబ్జా గింజలు..."

"పల్లాలరావు గారూ, మీరు బయట కూర్చోండి."

చచ్చిన పాత యంత్రాల గుట్టలో వెతికితే అడుగంటిన ట్యూబు ఒకటి దొరికింది. దాన్ని చపాతీ కర్రతో వత్తి వత్తి, కందిగింజంత పేస్టు రాబట్టాను. రాశాను. పనిలో పనిగా మెమరీ కార్డులు ఊడదీసి, కాళ్లు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాను. వేడి నలభై తొమ్మిది! ఈ ఆఫీసు పుట్టాక ఇంత చల్లగా ఎప్పుడూ లేదు. ఉత్సాహం ఆపుకోలేక 'జబ్బు నయమైంది' అని పరాంకుశానికి సందేశం కొట్టాను. ఒంటిగంటకి పల్లాలరావు తాళం వేసి వెళ్లాడు, నేను ఇంటికి వెళ్లి చారన్నం తిన్నాను.

మూడు గంటల పది నిమిషాలకి ఆగింది.

ఆరోసారి. పరాంకుశం నుంచి ఒక్క ముక్క: 'నయమైనందుకు సంతోషం.' ఆ వెటకారం చదివాక ఒళ్లు మండిపోయింది. అప్పుడు బుర్ర కాస్త పనిచేసింది. పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా దానికి ఏ జబ్బూ లేదు. తాళం పడ్డాకే జ్వరం వస్తోంది. అంటే జబ్బు లోపల లేదు, బయటినుంచి వస్తోంది.

రోజు 144

ఇది తాపీగా కూర్చుని రాస్తున్నాను. చేతులు ఇంకా నొప్పి పెడుతున్నాయి.

పన్నెండున్నరకి గాలి గదికి పోతున్నానని చెప్పి, నీళ్ల ఆఫీసులోనే డ్రమ్ముల వెనక నక్కాను. ఒంటిగంటకి పల్లాలరావు మూత వేసి, తాళం పెట్టి వెళ్లాడు. గంట గడిచాక తాళం మళ్లీ తీసిన చప్పుడు. లోపలికి వచ్చింది నూకాలమ్మ పెద్దమ్మ. పల్లాలరావుకి మేనత్త, మాకందరికీ పెద్దమ్మ, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. రెండు చేతులా ఒక స్టీలు గిన్నె పట్టుకుని, నిండు బిందె మోస్తున్నంత జాగ్రత్తగా నడిచింది. గిన్నెని లాప్‌టాప్ మూత మీద పెట్టింది. భుజం మీది నీలం ఉన్ని శాలువా తీసి, గిన్నెనీ లాప్‌టాప్‌నీ కలిపి రెండు చుట్లు చుట్టింది. అంచులు కూడా లోపలికి దోపింది, పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు.

అంతే, డ్రమ్ముల వెనకనుంచి ఒక్క గంతు వేశాను. "పెద్దమ్మా! ఏంటిది?"

"నెమ్మదే, నెమ్మది! తోడుకుంటోంది."

వాసన, వలయం, పోగులు మూడూ ఒక్కసారే అర్థమయ్యాయి. గిన్నె ఎత్తేయడానికి చెయ్యి చాచాను.

"ముట్టుకున్నావంటే చూడు," అంది పెద్దమ్మ. "తోడు పెట్టిన గిన్నె ఎవరైనా కదుపుతారంటే? మీయమ్మ నేర్పలేదా నీకు?"

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేర్పింది. చిన్నప్పుడు ఒకసారి తోడు గిన్నె జరిపితే వీపు మీద గరిటె ముద్ర పడింది. ఇరవై రెండేళ్ల అనుభవం, నడుముకి మరమ్మతు బిళ్ల, చేతిలో స్క్రూడ్రైవరు, ఇవన్నీ పెట్టుకుని కూడా ఆ గిన్నెని అంగుళం జరపడానికి నాకు చెయ్యి రాలేదు.

"వీధరుగు మీద పెట్టుకోవచ్చుగా," అన్నాను నీరసంగా.

"పదారు డిగ్రీల్లో తోడుకుంటదా? ఈ గుమ్మటంలో ఎచ్చగా ఉండేది ఈ పెట్టొక్కటే. మా మావయ్య భూమ్మీంచి సీసాలో తెచ్చిన తోడిది, నలభై ఏళ్ల నాటిది. ఈ ఎనభై మూడిళ్ల పెరుగూ దీని పిల్లలే. అందరిళ్లలోనూ చచ్చిపోయింది. నా దగ్గిర ఏడు చెంచాలు మిగిలింది. ఆరుసార్లు ఇక్కడ పెట్టాను, ఆరుసార్లూ నీ మిషనే మజ్జిలో ఆగిపోయి చల్లారిపోయింది. పాలన్నీ పాడు! ఏం బాగుచేస్తున్నావో ఏమో. ఇప్పుడు ఇందులో ఉన్నది ఆఖరి చెంచా."

నా లాప్‌టాప్‌ని ఆమె గిన్నె చంపుతోందని నేను ఏడుస్తుంటే, ఆమె పెరుగుని నా లాప్‌టాప్ చంపుతోందని ఆమె ఏడుపు. ఇద్దరికీ ఆఖరి అవకాశం ఇదే. గిన్నె కదిపితే ఇక జన్మలో పెరుగు లేదు. కదపకపోతే లాప్‌టాప్ ఏడోసారి ఆగుతుంది, నీళ్లు పరాంకుశం చేతిలోకి పోతాయి. లెక్క మధ్యలో ఆపుదామంటే అదీ ఆగినట్టే రాస్తారు.

లాప్‌టాప్ వేడి చూపించే గోడ మీది తెర చూశాను. ఎనభై ఎనిమిది.

పల్లాలరావుకి కబురు పంపితే ఆయాసపడుతూ వచ్చాడు. తాళంచెవి ఇచ్చింది ఆయనేనని మొహమే చెప్పింది. "మీరే కదండీ వేడి వేడి అని నాకు రోజూ ఫిర్యాదు రాసింది!" అన్నాను.

"పెరుగు చలవ కదండి," అన్నాడు బిక్కమొహంతో. "మా అత్త ఇక్కడ పెట్టుకుంటానంటే, పోన్లే మిషనుకి కూడా చలవ చేస్తదనుకున్నానండి. రోజురోజుకీ ఎక్కువవుతుంటే ఇంకా పెద్ద గిన్నె పెట్టమన్నానండి."

తొంభై రెండు. తిట్టడానికి సమయం లేదు, తర్వాత తీరిగ్గా తిట్టాను.

"పెద్దమ్మా, గిన్నె కదపను. శాలువా వెనక అంచు ఒక్కటి ఎత్తనీ, ఫ్యానుకి ఊపిరాడాలి." ఒప్పుకుంది. పల్లాలరావుని వీధిలోకి పంపాను, విసిరేది ఏదున్నా పట్టుకురమ్మని. పది నిమిషాల్లో నలభై మంది వచ్చారు. చేటలు, విసనకర్రలు, అన్నం పళ్లేలు, ఒకాయన ఏకంగా తలుపు రెక్క ఊడదీసుకు వచ్చాడు. "ఎవరికండీ సుస్తీ?" అని అడుగుతున్నారు. లోపల తోడుకుంటోందని తెలిసేసరికి అందరి గొంతులూ గుసగుసలైపోయాయి.

తొంభై ఏడు. పైనుంచి విసిరితే చాలదు, అడుగున ఫ్యాను మీదుండే బుల్లి మూత తీయాలి. లాప్‌టాప్ ఎత్తకుండా అడుగు మూత ఎలా తీస్తారు? అదృష్టం, ఆ బల్ల పలకలు కొట్టిన బల్ల, మధ్యలో బెత్తెడు సందులున్నాయి. కింద వెల్లకిలా పడుకుని సందుల్లోంచి స్క్రూలు విప్పాను. ఒక్కొక్క స్క్రూ తిప్పుతుంటే పైనుంచి పెద్దమ్మ, "అదురుతోందే, అదురుతోంది!" అంటోంది. ఆఖరి స్క్రూ ఊడగానే మూత వచ్చి ముక్కు మీద పడింది. అరవలేదు. అరిస్తే గిన్నె అదురుతుంది కదా.

"విసరండి!" అన్నాను.

తొంభై తొమ్మిది దాకా వెళ్లింది. అక్కడ నిలబడింది. విసరడం ఎవరూ ఆపలేదు. తొంభై ఎనిమిది. తొంభై నాలుగు. ఎనభై. ఇక ఫరవాలేదనుకుని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే పెద్దమ్మ గిన్నెకి వేలి వెనకభాగం ఆనించి కేక పెట్టింది. "చల్లారిపోతోంది! ఆపండ్రా!"

అవును మరి. వేడి ఎక్కువైతే లాప్‌టాప్ పోతుంది, తక్కువైతే పెరుగు పోతుంది. అప్పట్నుంచి రెండున్నర గంటలు నేను బల్ల కింద పడుకుని తెర చూస్తూ, పెద్దమ్మ పైన గిన్నె పట్టి చూస్తూ, ఇద్దరం ఆ నలభై మందినీ ఆడించాం. "చేటలు ఆపండి. పళ్లేలు మాత్రం. తలుపాయన కొంచెం నెమ్మది. మళ్లీ చేటలు." ఎనభై ఏడు దగ్గర ఇద్దరికీ సరిపోయింది. మూడు దాటింది, ఆగలేదు. నాలుగు దాటింది. కుళాయిలు నడుస్తూనే ఉన్నాయి.

ఐదుంబావుకి పెద్దమ్మ శాలువా తీసి, చెంచా వెనకవైపుతో మీద మెల్లగా నొక్కింది. చెంచా దిగలేదు.

"తోడుకుంది," అంది.

నేను బల్ల కిందే ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

ఆరింటికి గుమ్మటంలో దీపాలు పెడతారు. దీపాలు పెట్టాక ఇంట్లోంచి పెరుగు, ఉప్పు, సూది బయటికి ఇవ్వరు, అది ఏ గ్రహమైనా అంతే. అందుకని ముప్పావుగంటలో ఎనభై రెండిళ్లకి తలో చెంచా తోడు పంచేసింది పెద్దమ్మ. ఎనభై మూడో ఇల్లు పల్లాలరావుది. సరైన గిన్నె కోసం వెతుక్కుని వచ్చేసరికి దీపాలు వెలిగాయి. "అత్తా, నేను నీ మేనల్లుణ్ణి!" అన్నాడు. "అయితే ఏంటి, రేపు రా," అని తలుపు వేసేసింది.

మిగిలిన అడుగు గిన్నె నాకిచ్చింది, దీపాలకి ముందే. ఇరవై మూడు రోజుల తర్వాత పెరుగన్నం తిన్నాను. వంకాయ ఊరగాయ నంజుకున్నాను. ఇంకేమీ రాయలేను.

రోజు 145

ఆఫీసు బల్ల వెనక, లాప్‌టాప్ వేడిగాలి వదిలే చోటికి ఎదురుగా ఒక చిన్న అలమర కొట్టాను. వేడిగాలి అందులోకి పోతుంది. తోడు గిన్నెలు అందులో ఉంటాయి, అలమర బల్లని ముట్టుకోదు. వరసకొక రోజు వంతు. లాప్‌టాప్ వేడి యాభై నాలుగు. మధ్యాహ్నం మూడు గంటలకి కూడా యాభై నాలుగే. శాలువా పెద్దమ్మ భుజం మీదికి తిరిగి వెళ్లింది.

పెద్ద గుమ్మటానికి నివేదిక పంపాలి. వేడికి కారణం అన్నచోట దుమ్ము, ఫ్యాను, పేస్టు, బ్యాటరీ, ఇతరం అని ఉన్నాయి. 'ఇతరం' ఎంచుకుని, 'తోడుకుంటోంది' అని రాశాను. పంపే ముందు 'మరమ్మతు పుస్తకం పూర్తిగా జతచేయాలి' అని వచ్చింది. జతచేసి నొక్కేశాను. నొక్కాక గుర్తొచ్చింది, ఇందులో నేను పరాంకుశం మొహం గురించి ఏం రాశానో. వెనక్కి లాగే దారి లేదు. ఈ రోజుకి అన్నం సహించలేదు, పెరుగన్నం మాత్రం తిన్నాను.

రోజు 149

జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

'మంగతాయారు గారికి. పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. నా మొహం గురించి రాసింది రెండుసార్లు చదివాను. యంత్రం బతికే ఉన్నట్టు నమోదు చేశాను, కుళాయిలు మీ దగ్గరే ఉంటాయి. మరొక విషయం. మా గుమ్మటంలోనూ వేడి పదహారే. మా ఇంట్లో పెరుగు లేక ముప్పై ఒక్క రోజులైంది, మనిషి ఉత్తరాలు రాసే తీరు కూడా మారిపోతుంది. కొంచెం తోడు ఇప్పించగలరా? బండి రేపు నాలుగింటికి మీ గుమ్మం దగ్గర ఉంటుంది. దీపాలకి చాలా ముందే.'

పెద్దమ్మకి చదివి వినిపించాను. "పాపం, ముప్పై ఒక్క రోజులా!" అని నోరు నొక్కుకుంది. తన పేరు చెక్కించిన చిన్న స్టీలు గిన్నె తీసి, అందులో తోడు వేసి, గుడ్డ కట్టింది. "గిన్నె తిరిగివ్వమని గట్టిగా రాయి," అంది. రాశాను.

రోజు 153

బండిలో గిన్నె తిరిగి వచ్చింది. శుభ్రంగా తోమి, అదే గుడ్డ ఉతికి కట్టారు. పెద్దమ్మ ముడి విప్పి, లోపల చూసి, "ఇదేంటే, నాకెందుకు?" అని నా చేతిలో పెట్టింది.

గిన్నెలో కొత్త పేస్టు ట్యూబు ఉంది, సీలు కూడా తీయనిది. తొమ్మిది నెలలు పడుతుందన్నదే. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని పరాంకుశానికి వాళ్లమ్మ నేర్పినట్టుంది.